తొక్కు అంటే నవ్వాం



గుడివాడలో మా పక్కింటివారి కొత్తకోడలిది వరంగల్లు. ఆమధ్య వాళ్ళింట్లో భోజనాలకి పిలిస్తే వెళ్ళాం. ఆ పిల్ల వడ్డిస్తూ, "అత్తమ్మా, తొక్కు వెయ్యనా?" అంది. "తొక్కలు మాకెందుకమ్మా!" అన్నారెవరో. అందరం నవ్వాం, నేనూ నవ్వానండి. అప్పట్నించి ఆ పిల్ల నోరు విప్పడం మానేసింది. ఏం కావాలన్నా చేత్తో చూపించేది.

తెలంగాణలో తొక్కు అంటే పచ్చడి. తొక్కి, అంటే దంచి చేసేది. మరి మనం జాడీకెత్తేది చింతకాయ తొక్కు కాదూ? బందరు లడ్డూని తొక్కుడు లడ్డూ అని ఎందుకంటాం? శనగపిండితో వండినదాన్ని రోట్లో దంచి, జల్లించి, పాకంలో కలిపి చుడతారు గనక!

మన గోంగూర వాళ్ళకి పుంటికూర. మన ఉల్లిపాయ అక్కడ ఉల్లిగడ్డ, రాయలసీమ వెళితే ఎర్రగడ్డ. భద్రిరాజు కృష్ణమూర్తిగారు రైతుల మాటలు ఊరూరా పోగుచేయించి, ఏ ప్రాంతంలో ఏమంటారో 1962లో మాండలిక వృత్తిపదకోశంగా తెచ్చారు. వంటింటి మాటలకీ అలాంటిది ఇంటింటా ఉంటే బాగుణ్ణు.

మొన్న బందరునించి లడ్డూలు తెచ్చి, "ఇదిగోనమ్మా, మా తొక్కు" అని ఆ పిల్ల చేతిలో పెట్టాను.

"గింత తియ్యగుంటదా మీ తొక్కు?" అంది.