పుప్పిపన్ను – మన యలవాట్లు
(పఠనమందిరమున చేసిన యుపన్యాసము)



పంటిలో పురుగు పడినదని చెప్పి, వాకుడు గింజల పొగ పట్టించి దానిని రాల్చ జూచుట మన పల్లెలలో పాతవైద్యము. పుప్పికి కారణము అట్టి పురుగు కాదు. పంటిపై పేరుకొను పాచిలోని సూక్ష్మజీవులు మనము తిన్న చక్కెరను పులియబెట్టి ఆమ్లముగా మార్చును. ఆ యామ్లము పింగాణివంటి పంటి పైపొరను కరగించును. లాలాజలము ఆ పులుపును విరిచి, పోయిన ఖనిజమును కొంత తిరిగి చేర్చును. కాని యందుకు దానికి అరగంట మొదలు గంటవరకు వ్యవధి కావలయును. ఆ వ్యవధినే మనము దాని కిచ్చుట లేదు. పండుగనాడు పూర్ణపు బూరెలు కడుపార తిన్నవానికంటె, ప్రొద్దుటినుండి రాత్రిదాక గంటకొకసారి తీపి తేనీరు చప్పరించువాని దంతములకే హాని యెక్కువ. కోర్టు ఆవరణలలో ఇట్టివారికి కొరత లేదు. పెద్దవారు దినమునకు 50 గ్రాముల చక్కెర, అనగా సుమారు 12 చెంచాలు మించరాదనియు, అందు సగమైన మరింత మేలనియు ప్రపంచారోగ్యసంస్థ 2015లో సూచించెను. కప్పుకు రెండు చెంచాల చొప్పున ఆరు కప్పులతోనే ఆ లెక్క ముగియును!

చిగుళ్ల సంగతి వేరు. పాచి గట్టిపడి గార యగును. చిగురు వాచి నెత్తురు కారును. ఉపేక్షించినచో లోని యెముక క్షీణించి, పుప్పిలేని పన్ను సయితము కదలి యూడును. చుట్ట, బీడి, సిగరెట్టు ఇచ్చట చేయు మోసము గమనింపదగినది. పొగాకు సారము రక్తనాళములను ముడుచుకొనజేయును గాన నెత్తురు కానరాదు. లోపల వ్యాధి ముదురుచుండగా పైకి చిగురు బాగుగనే తోచును. పొగాకు కలిపిన పండ్లపొడిని, పేస్టును కేంద్రప్రభుత్వము 1992లో నిషేధించెను. 1997లో సుప్రీంకోర్టు ఆ నిషేధమును నిలిపెను. అయినను విడి పొగాకును మాడ్చి పొడిచేసి తోముకొనువారు దేశమున నేటికిని గలరు. దవుడను నిరంతరము ఖైనీ దాచువారి మాట చెప్పనేల?

వేపపుల్ల మాకును ప్రియమైనదే. కుంచెవలె నమలి శ్రద్ధగా తోమిన పాచి పోవును. కాని ఇటుకపొడి, బొగ్గు పంటిని అరగదీయును. స్వదేశాభిమానము పేర వీనిని సమర్థించుట మాకు సమ్మతము కాదు. ఫ్లోరైడు గల పేస్టు పుప్పిని తగ్గించునని రుజువైనది. నల్లగొండ సీమలో ఫ్లోరైడు మితిమీరిన నీరు త్రాగి ప్రజల పండ్లు గోధుమవన్నెకు తిరిగి, ఎముకలు వంగిపోవుట యెరిగినవారు ఆ పేరునకే జంకుదురు. అది ఏండ్లతరబడి మ్రింగిన నీటి దోషము, పేస్టు ఉమ్మివేయునది. మూడేండ్ల లోపు బిడ్డకు బియ్యపుగింజంత చాలును.

రాత్రి పరుండబోవుముందు తోముకొను వాడుక మనలో మిక్కిలి తక్కువ. నిద్రలో లాలాజలము తగ్గును గనుక, ఉదయపు తోముటకంటె అదియే ముఖ్యము. పసివానికి పాలసీసా నోటనుంచి నిద్రపుచ్చరాదనుటయు ఇందువలననే.

వచ్చు ఆదివారము పిల్లల పండ్లను పరీక్షించుటకు దంతవైద్యుని ఈ మందిరమునకు పిలిచియున్నాము. పెద్దలును రావచ్చును. మధుమేహము గలవారు తప్పక రావలయును. ఆ వ్యాధి చిగుళ్లను చెరచును, చెడిన చిగుళ్లు ఆ వ్యాధిని లొంగనీయవు.