ముల్లుతోనే సమాధానము

స్టూడియోలో ఎఱ్ఱదీపము వెలిగినది మొదలు ఆరిపోవువరకును కాగితము చప్పుడు కారాదు, కుర్చీ కిఱ్ఱుమనరాదు, దగ్గు వచ్చినను మ్రింగుకొనవలెను. ఇరువది యేండ్లుగా ఈ నియమములను మేము పాటించుచున్నాము. కడచిన తొమ్మిదేండ్లుగా వీనికి తోడు మరియొకటి చేరినది. నడుమునుండి ఎడమకాలి మడమవరకు దిగెడు పోటు ఏ క్షణమున వచ్చినను, ఆ సంగతి కంఠమునకు తెలియనీయరాదు. శ్రోతలు విన గోరునది పంటల ధరలో, పిల్లల కథయో, ఒక పెద్దకవి జయంతి ప్రసంగమో కాని, చదువువాని మూలుగు కాదు గదా.

'మేము' అని చెప్పుకొనుట ప్రసంగకర్తల మర్యాద యని మీరు అనుకొందురేమో. ఈ విషయమున మాత్రము అది అక్షరాల నిజము. నొప్పి ఒకరి వెన్నులో ఉన్నను దానిని మోయునది ఇల్లంతయును. రాత్రి రెండు గంటలకు లేచి, నీళ్లు కాచి, రబ్బరు సంచిలో పోసి తెచ్చునది ఇల్లాలు. నాన్న లేవబోవునప్పుడు కుర్చీని ఎంత వెనుకకు లాగవలెనో మా పదేండ్ల కుమార్తెకు ఎవరును నేర్పలేదు, చూచి నేర్చుకొన్నది. అందుచేత నేటి ఈ మాటలు మా ముగ్గురివియును.

నొప్పిని చెప్పుకొనుటకు మన తెలుగున మాటలకు కొదువ లేదు. కురుపు సలుపును, తల పోటెత్తును, పిక్కలు పీకును, నరము గుంజును, కాళ్లు తీపులు తీయును. అక్షరము రాని అవ్వకు సైతము పీకుటకును గుంజుటకును గల భేదము చక్కగా తెలియును. ఆసుపత్రికి పోయినచో ఇన్ని మాటలకును బదులుగా సున్న మొదలు పదివరకు ఒక అంకె చెప్పుమందురు. మేము ఎప్పుడును ఆరు అనుచుందుము. ఏడు అనిన గోరంతను కొండంత చేసినట్లగునేమో, అయిదు అనిన వైద్యుడు తేలికగా తీసికొనునేమో!

మూడు మాసములు దాటి నిలిచిన నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక వేదనగా పరిగణింతురు. మామూలు నొప్పి యనునది కావలివాని కేక వంటిది. చేయి నిప్పునకు తగిలినది, వెనుకకు తీయుమని అది చెప్పును. దీర్ఘవేదనలో అనేక పర్యాయములు నిప్పు ఆరిన పిమ్మటను ఆ కేక ఆగదు. నాడీమండలమే అతిగా మేలుకొని, చిన్న తాకిడిని సైతము పెద్ద దెబ్బగా చాటుచుండును. ఛాయాచిత్రములో ఎముక బాగుగనే కనబడును. మనిషి మాత్రము మంచము దిగలేడు. ఇది కల్పన కాదు. తనకు నొప్పిగా ఉన్నదని ఒకరు చెప్పినప్పుడు ఆ మాటను గౌరవింపవలెనని నొప్పిని పరిశోధించు అంతర్జాతీయ సంఘమువారు 2020లో సవరించి ప్రకటించిన నిర్వచనమునకు చేర్చిన వివరణలలో స్పష్టముగా చెప్పిరి. ఆ మాట చదివిన దినమున మా ఇంట దాదాపు పండుగ.

ఏలయనగా, అంతకుముందు మేము విన్న మాటలు వేరు. మాది క్రైస్తవ కుటుంబము. నొప్పి ఆరంభమైన రెండవ యేట, ఆరాధన ముగిసిన పిమ్మట ఒక పెద్దమనిషి మా భుజముపై చేయి వేసి, మిక్కిలి ప్రేమతోనే, మీ విశ్వాసము చాలక ఇది పోవుటలేదు సుమా యని చెప్పెను. మేలు కోరియే చెప్పినాడు. అందుచేతనే అది మరింత లోతుగా దిగినది. పిమ్మట రెండేండ్లు మేము వెన్నుపూసను విడిచి విశ్వాసమును తడవి చూచుకొనుచు గడపితిమి. ప్రార్థన యొక పరీక్ష యైనది. ప్రతి ఉదయమును లేచుటతోడనే నడుము కదల్చి చూచుట, పోటు ఉన్నచో నిన్నటి ప్రార్థన తప్పినట్లు లెక్కించుట. గుడిలో బల్లపై గంటసేపు కూర్చుండలేక వెనుక గోడ కానుకొని నిలుచుంటిమి. తుదకు అదియు మానితిమి. నొప్పి శరీరమును వంచినది. ఈ మాట మమ్ము ఇంటినుండి గెంటినది.

మమ్ము తిరిగి లోపలికి పిలిచినది ఓదార్పు వాక్యము కాదు, ఒక తిరస్కారము. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక పండ్రెండవ అధ్యాయములో తన శరీరములోని ముల్లును ప్రస్తావించును. అది ఏమియో ఆయన చెప్పలేదు. కంటిజబ్బని కొందరును, తలనొప్పియని కొందరును ఊహించిరి. మలేరియా జ్వరమని విలియం రామ్సే పండితుడు తలచెను. తెలియకుండుటయే మేలైనది, ఎవరి ముల్లు వారు అందులో చూచుకొనవచ్చును. ఆ ముల్లు తీసివేయుమని పౌలు ప్రభువును ముమ్మారు వేడుకొనెను. తీయబడలేదు. నా కృప నీకు చాలును, బలహీనతయందే నా శక్తి సంపూర్ణమగును అను అర్థముగల ప్రత్యుత్తరము మాత్రము లభించినది. పౌలు విశ్వాసము చాలినది కాదని చెప్పగల పెద్దమనిషి ఏ సంఘములో ఉన్నాడు? గెత్సేమనే తోటలో యేసు సైతము గిన్నె తొలగుమని మూడుసారులు ప్రార్థించినట్లు మత్తయి వ్రాసెను. ఆ గిన్నెయు తొలగలేదు. చిన్ననాటినుండి ఈ రెండు ఘట్టములను వినుచునే ఉన్నాము. వేదన వచ్చిన పిమ్మటనే మాకు అవి వినబడినవి.

మందుల విషయము ఇచ్చటనే చెప్పివేయుదుము. మాత్ర మ్రింగుట అవిశ్వాసమని తలచువారు ఇంకను కలరు. ఆ పౌలే తిమోతి కడుపు జబ్బునకు కొంచెము ద్రాక్షారసము పుచ్చుకొమ్మని వ్రాసెను. ఆయన వెంట తిరిగిన లూకా వైద్యుడు. ఇంతకంటె ఈ వాదమున కాలము వెచ్చింప నక్కరలేదు.

తెలుగు బైబిలులో శాంతికి వాడిన మాట 'సమాధానము'. క్రైస్తవేతరులైన మిత్రులకు ఇది వింతగా తోచును. మన వాడుకలో సమాధానమనగా ప్రశ్నకు జవాబు. మీకు సమాధానము కలుగును గాక యని బోధకుడు దీవించునప్పుడు, ఏ ప్రశ్నకండీ యని ఒక సహోద్యోగి మమ్ము హాస్యమాడినాడు. పాత తెలుగున మరియొక అర్థమును గలదు: చెదరినదానిని కూర్చుట, కలహించినవారిని ఒకటి చేయుట. సమాధానపడుట యనిన రాజీకి వచ్చుట. నాకే ఎందుకు అను ప్రశ్నతో మేము ఏండ్ల తరబడి దేవుని వాకిట నిలిచితిమి. జవాబను అర్థమున సమాధానము నేటికిని రాలేదు. రెండవ అర్థమున మాత్రము, మెల్లమెల్లగా, ఎప్పుడు మొదలైనదో చెప్పలేనట్లుగా, వచ్చినది. శరీరము ఒక ప్రక్కను మేము ఒక ప్రక్కను నిలిచి చేయుచున్న కలహము తగ్గినది. నొప్పి తగ్గలేదు.

ఇట్టి సమాధానమును గూర్చి ఆరోగ్యవంతులు చెప్పినచో వినుట కష్టము. ఈ సంగతిని నిర్మొగమాటముగా పలికిన యొకామెను గూర్చి మీకు చెప్పవలెను. ఏమీ కార్మైకేల్ ఐర్లండులోని మిల్లైల్ గ్రామమున 1867లో జన్మించెను. 1895లో భారతదేశమునకు వచ్చి, మరల స్వదేశమునకు పోలేదు. తిరునల్వేలి ప్రాంతమున దోనావూరులో, దిక్కులేని పిల్లలకును, దేవాలయములకు అర్పింపబడనున్న బాలికలకును ఆశ్రయము కల్పించెను. పిల్లలు ఆమెను 'అమ్మై' యని పిలిచిరి. తెల్లవారు లేచినది మొదలు రాత్రివరకు నడచుచు, పరుగెత్తుచు, వందలమంది పిల్లల అవసరములు చూచిన మనిషి. 1931 అక్టోబరు 24వ తేదీ సాయంకాలము, వైద్యశాలకై తీసికొన్న యొక ఇంటిని చూచుటకు కలక్కాడు గ్రామమునకు పోయి, మసక చీకటిలో ఒక గోతిలో పడెను. కాలు విరిగినది, చీలమండ తొలగినది, వెన్ను బెణికినది. కొలది వారములలో లేచి తిరుగుదునని ఆమెయు, చుట్టునున్నవారును తలచిరి. 1951 జనవరి 18న కన్నుమూయువరకు, దాదాపు ఇరువదియేండ్లు, ఆమె బ్రతుకు ఆ యొక్క గదిలోనే ఎక్కువగా గడచినది. 1948లో మరల పడి, పిదప మంచమునకే పరిమితమయ్యెను. ఆ గదికి పెట్టిన పేరు శాంతిగది.

గాయపడిన తొలినాళ్లలో ఆమెకు ఓదార్పు పుస్తకములు అనేకము వచ్చినవి. రోగులను ఉద్దేశించి ఆరోగ్యవంతులు వ్రాసినవి అవి. మంచి పుస్తకములే, కాని అవి తన పడకవరకు రాలేకపోయినవని ఆమె దాచలేదు. గోడకు ఆవలినుండి వచ్చెడు మాటలవలె అవి తోచెను కాబోలు. అందుచే రోగియే రోగులకు వ్రాయు జాబులను ఆమె వ్రాయసాగెను. అవి 1933లో 'రోజ్ ఫ్రం బ్రయర్' అను పేర పుస్తకమైనవి. ముండ్లపొదనుండి గులాబి యని ఆ పేరునకు అర్థము. పదేండ్లు గడచి తేరుకొన్న పిమ్మట వ్రాసిన గ్రంథము కాదది; పక్కమీదనే, రెండేండ్లు నిండక మునుపే, నొప్పి ఇంకను క్రొత్తగా ఉన్నప్పుడు వ్రాసినది. మాకు ఆ పుస్తకములోని ప్రతి అభిప్రాయమును రుచింపదు. వేదనను సైనికుని విధివలె చూచు ఆమె ధోరణి ఒక్కొక్కచో మా శక్తికి మించినది. అయినను మోసము లేదు. సహించుట వేరు, అంగీకరించుట వేరు అను భేదమును ఆమెవద్దనే నేర్చుకొంటిమి. పండ్లు బిగబట్టి కాలము గడపుట సహనము. నేటి దినమును, అందున్న నొప్పితో సహా, దేవుని చేతినుండి పుచ్చుకొని, దీనితో ఏమి చేయవచ్చునని చూచుట అంగీకారము. నడువలేని ఆమె అనేక గ్రంథములు వ్రాసెను. పిల్లలకు, పనివారికి లెక్కలేనన్ని చీటీలు వ్రాసెను.

అంగీకారమనగా మూలుగరాదని కాదు. ఈ మాట గట్టిగా చెప్పవలసియున్నది. యోబు మిత్రులు మొదట ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేలపై కూర్చుండి ఒక్క మాటయు పలుకలేదు. వారు చేసిన ఉపకారము అంతవరకే. నోరు తెరచినది మొదలు కారణములు చెప్పి అతనిని హింసించిరి. మాకు ఎక్కువ ఆదరవైనది ఎనుబదియెనిమిదవ కీర్తన. కీర్తనలలో విలాపములు అనేకము గలవు. దాదాపు అన్నియు చివర నొక నమ్మిక మాటకు మరలును. ఇది మరలదు. చీకటి మాటతోనే ముగియును. అయినను దానిని ఎవరును పరిశుద్ధ గ్రంథమునుండి తీసివేయలేదు, చివర నొక చక్కని వాక్యము అతికింపలేదు. ఓదార్పు దొరకనివాని ప్రార్థనయు ప్రార్థనయేనని తెలిసిన రాత్రి మేము చాలకాలమునకు ఏడ్చితిమి. ఆ మరుసటి ఆదివారము గుడికి పోయి, వెనుక గోడ కానుకొని నిలుచుంటిమి. ఈసారి సిగ్గు కలుగలేదు. ఆ పెద్దమనిషి కూడ వచ్చి పలుకరించెను. ఆయన మోకాళ్లు ఇప్పుడు ఆయనను బాధించుచున్నవి. మేము ఏమియు ఉపదేశింపలేదు, ప్రక్కన నిలుచుంటిమి.

దోనావూరులో కార్మైకేల్ సమాధిపై, ఆమె కోరిక ననుసరించి, శిలాఫలకము నిలుపలేదు. పిల్లలు అచ్చట పక్షులు నీరు త్రాగుటకు ఒక తొట్టి నుంచి, దానిపై 'అమ్మై' యని మాత్రము చెక్కించిరి.

నిన్న రాత్రి మా అంకె ఏడు. సంచిలోని నీళ్లు రెండుసారులు చల్లారినవి. ఇల్లాలు ఎనుబదియెనిమిదవ కీర్తన చదివి, అది ఆగిన చోటనే ఆగి, దీపము తగ్గించినది. తెల్లవారుజామున నాలుగు గంటల ప్రాంతమున మేము నిదురించితిమి. ఈ ప్రసంగమును మేము కూర్చుండి కాక నిలుచుండి చదువుచున్నాము. మైకును ఎత్తుగా అమర్చి, కాగితములకు బల్లపై ఇంకొక పెట్టె నిలిపినవారు మా ఇంజనీరు మిత్రులు. ఎందుకని వారు అడుగలేదు. ఎఱ్ఱదీపము ఆరుటకు ఇంకను అర నిమిషమున్నది. కుర్చీ మాత్రము ఖాళీగా ఉన్నది.