సైట్ బాగానే ఓపెన్ అవుతోంది, మరి మార్కులు ఏమయ్యాయి?

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది అడిగారు, "అన్నా, కోడ్ రాయడం గురించి చెప్తున్నావ్, ఆల్రెడీ ఉన్న కోడ్‌ని చూసుకునే ఉద్యోగం ఎలా ఉంటుంది?" అని. దానికి నా దగ్గర ఒక కథ ఉంది. నేను పరువు పోగొట్టుకున్న కథే, అయినా చెప్తా.

2020లో ఒక డిగ్రీ కాలేజీ ఆన్‌లైన్ కోర్సుల సైట్ నేనే చూసుకునేవాణ్ని. అది మూడుల్ మీద నడిచేది. మీలో చాలామంది పేరు తెలియకుండానే వాడి ఉంటారు: అసైన్‌మెంట్ అప్‌లోడ్ చేయడం, క్విజ్ రాయడం, అలాంటివి. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో మార్టిన్ డూగియమాస్ అనే ఆయన మొదలుపెట్టాడు. 1.0 వెర్షన్ 2002లో వచ్చింది. పీహెచ్‌పీలో రాసిన ఓపెన్ సోర్స్ కోడ్, ఎవరైనా ఫ్రీగా దించుకుని తమ సర్వర్‌లో పెట్టుకోవచ్చు. ఫ్రీగా దొరుకుతుంది సరే, చూసుకోవడానికి మాత్రం మనిషి కావాలి. అక్కడ ఆ మనిషి నేను.

లాక్‌డౌన్‌లో ఇంటర్నల్ పరీక్షలన్నీ క్విజ్‌ల మీదకి వచ్చేశాయి. అప్పుడే 3.9 వెర్షన్ వచ్చింది. దానికి పీహెచ్‌పీ కనీసం 7.2 ఉండాలి, మా సర్వర్‌లో ఉన్నది 7.0. ఒక శనివారం రాత్రి కూర్చుని కొత్త పీహెచ్‌పీ పెట్టా, పాతది తీసేశా, మూడుల్ అప్‌గ్రేడ్ చేశా. సైట్ ఓపెన్ చేసి చూస్తే లాగిన్ అవుతోంది, వీడియోలు ఆడుతున్నాయి, క్విజ్ తెరుచుకుంటోంది. హాయిగా పడుకున్నా.

బుధవారం పరీక్ష అయింది. గురువారం ఒక అమ్మాయి ఫోన్ చేసింది. "సార్, నేను పరీక్ష రాశాను. మేడమ్ లిస్టులో ఆబ్సెంట్ అని ఉంది."

నేనేమన్నానో తెలుసా? "సబ్మిట్ నొక్కి ఉండవమ్మా" అన్నా. అది నిజమే, ఆమె నొక్కలేదు. వాళ్ల ఊళ్లో సిగ్నల్ వాటర్ ట్యాంక్ ఎక్కితేనే వస్తుందట. ట్యాంక్ మీద కూర్చునే పరీక్ష రాసింది. చివరి పది నిమిషాల్లో నెట్ పోయింది. కానీ ఆమె ఇంకో మాట అంది: "పోయినసారి కూడా ఇలాగే నెట్ పోయింది సార్, అప్పుడు మార్కులు వచ్చాయి కదా?"

ఫోన్ పెట్టేశాక ఆ మాట బుర్రలోంచి పోలేదు. పోయినసారి ఎలా వచ్చాయి?

మూడుల్ క్విజ్‌లో మీరు రాస్తుంటే జవాబులు మధ్యమధ్యలో వాటంతట అవే సేవ్ అవుతాయి. టైమ్ అయ్యేసరికి మీ ఫోన్‌లో నెట్ ఉంటే పేజీయే సబ్మిట్ చేసేస్తుంది. నెట్ లేకపోతే? అప్పుడు ఆ పని సర్వర్ చేయాలి. దాన్ని చేసేది క్రాన్. క్రాన్ అంటే వెనకాల నిమిషానికోసారి నడిచే స్క్రిప్ట్, రాత్రి వాచ్‌మన్ రౌండ్ కొట్టినట్టు. టైమ్ దాటిన పేపర్లు ఏమున్నాయో చూసి, సేవ్ అయినంతవరకు తీసుకుని, మార్కులు వేస్తుంది.

మా సర్వర్‌లో ఆ క్రాన్‌ని పిలిచే లైన్‌లో పాత పీహెచ్‌పీ దారి రాసి ఉంది. ఆ పాత పీహెచ్‌పీని తీసేసింది నేనే! అంటే శనివారం నుంచి వాచ్‌మన్ డ్యూటీకి రావట్లేదు. ఎర్రర్ వస్తే చెప్పడానికి కూడా ఎవరూ లేరు, ఎందుకంటే ఆ మెసేజ్‌లన్నీ చెత్తబుట్టలోకి పోయేలా పెట్టి ఉంది. క్రాన్ నడవడం లేదని అడ్మిన్ పేజీలో హెచ్చరిక వచ్చింది, నేనూ చూశా. సోమవారం చూద్దాంలే అనుకున్నా. ఆ సోమవారం వెళ్లి మంగళవారం వచ్చింది, నేను చూడలేదు.

రిపోర్ట్ తెరిస్తే ఒక్క సెక్షన్‌లోనే 11 మంది పేపర్లు "ఇంకా రాస్తున్నారు" అన్న స్థితిలోనే ఆగి ఉన్నాయి. మార్కుల గడిలో చిన్న గీత. ఆ గీత చూసి మేడమ్ ఆబ్సెంట్ వేశారు, ఆమె తప్పేం లేదు. ఆ పదకొండు మందీ నెట్ సరిగా లేనివాళ్లే. ఇంట్లో వైఫై ఉన్నవాళ్లకి ఏం కాలేదు. నా తప్పు భలే చూసుకుని మరీ వాళ్ల మీదే పడింది.

దారి మార్చి క్రాన్ నడిపించా. కొన్ని నిమిషాల్లో పేపర్లు ఒక్కొక్కటే "పూర్తయింది" అయ్యాయి, మార్కులు వచ్చాయి. ఆ అమ్మాయికి నేనే ఫోన్ చేసి, "నీ తప్పు కాదమ్మా, నాది" అన్నా. "సరే సార్, మిగతా వాళ్లకి కూడా చెప్పండి" అంది. చెప్పా, అందరికీ.

ఇంకోటి కూడా బయటపడింది. ఆ అప్‌గ్రేడ్‌తో రిపోర్టుల్లో పేరు పక్కన కనిపించే హాల్ టికెట్ నంబర్ మాయమైంది. నాకంటే ముందు చేసినాయన మూడుల్ అసలు ఫైళ్లలోనే చెయ్యి పెట్టి ఆ నంబర్ వచ్చేలా మార్చాడు. అప్‌గ్రేడ్‌లో ఆ ఫైళ్ల స్థానంలో కొత్తవి వచ్చి కూర్చుంటాయి కాబట్టి ఆయన రాసిందంతా పోయింది. ఎక్కడ ఏం మార్చాడో ఒక్క ముక్క రాసిపెట్టలేదు. మూడుల్‌లో మన సొంత మార్పులు ప్లగిన్‌గా వేరే ఫోల్డర్‌లో పెట్టుకోవచ్చు, వాటి జోలికి అప్‌గ్రేడ్ రాదు. నవ్వొచ్చే సంగతేంటంటే, ఈ నంబర్‌కి ప్లగిన్ కూడా అక్కర్లేదు. ఏ వివరాలు పేరు పక్కన చూపించాలో ఎంచుకునే సెట్టింగ్ ఆల్రెడీ ఉంది. ఐడీ నంబర్ దగ్గర టిక్ పెడితే చాలు. పాపం ఆయన ఎన్ని రాత్రులు కూర్చున్నాడో!

ఇప్పుడు నేను అప్‌గ్రేడ్ ముందు కాపీ సర్వర్‌లో చేస్తా. అక్కడ ఒక డమ్మీ స్టూడెంట్‌గా నా ఫోన్ నుంచే క్విజ్ మొదలుపెట్టి, సగంలో ఏరోప్లేన్ మోడ్ వేసి, టీ తాగడానికి వెళ్లిపోతా. తిరిగొచ్చేసరికి ఆ పేపర్‌కి మార్కులు పడి ఉంటేనే అసలు సర్వర్ జోలికి వెళ్తా.

ఎమోజీ పెడితే పాత డేటాబేస్‌లో ఫోరమ్ పోస్ట్ ఎందుకు సేవ్ అవదు, తెలుగు అక్షరం మాత్రం ఎందుకు అవుతుంది అని కూడా ఒకరు అడిగారు. మూడు బైట్లకీ నాలుగు బైట్లకీ ఉన్న గొడవ అది. వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం.