రన్‌వే కింది చెల్క కథ ఎవరు రాయాలె?

(శంషాబాద్‌లో విద్యార్థులు, ఉద్యోగులు కలిసి జరుపుకున్న కథా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను అమెరికా ఎడారి ఊర్ల కథల గురించి మాట్లాడమన్నరు. శంషాబాద్‌ల కూసొని అమెరికా ముచ్చటేందని మీకనిపించొచ్చు. ఈడికెల్లి రోజూ ఎందరో విమానమెక్కి ఆ దేశం పోతున్నరు. ఆడికెల్లి మనం ఒక్క ముచ్చట తెచ్చుకుంటే తప్పులేదు.

కాలిఫోర్నియా తూర్పు దిక్కున ఓవెన్స్ లోయ అని ఒక కరువు నేల ఉన్నది. మేరీ ఆస్టిన్ అనే రచయిత్రి ఆడ చిన్న ఊర్లల్ల బతికింది. గొర్లు కాసేటోళ్లను, గనులు తవ్వేటోళ్లను, ఆదివాసీ ఆడోళ్లను దగ్గర నుంచి చూసింది. 1909ల ‘లాస్ట్ బార్డర్స్’ పేరుతో వాళ్ల కథలు అచ్చేసింది. అందుల ఒక కథ ఎడారంతా కాలినడకన తిరిగే ఆడమనిషిది. ఆమె అసలు పేరు ఎవ్వరికీ తెల్వదు. ఇసుక తుఫాను లేస్తే, ఒక గొర్లకాపరితో కలిసి మందను కాపాడుతది. రాజు లేడు, రాణి లేదు. కష్టం చేసిన మనిషే ఆ కథకు నాయకురాలు.

అదే కాలంల లాస్ ఏంజెల్స్ నగరం ఆ లోయ నీళ్ల మీద కన్నేసింది. భూములు, నీటి హక్కులు కొన్నది. 1913ల కాలువ తెరిచి నీళ్లు మలుపుకున్నది. పదిహేనేండ్లు తిరగకముందే ఓవెన్స్ చెరువు ఎండింది. నగరం పెరిగింది, లోయ ఎండింది. నీళ్లయితే పోయినయి గని, ఆ మనుషులు మాత్రం కథలల్ల మిగిలిన్రు.

ఇగ మన దిక్కు రాండ్రి. 1908 మూసీ వరదల తర్వాత నగరం కోసం 1920ల ఉస్మాన్‌సాగర్, 1927ల హిమాయత్‌సాగర్ కట్టిన్రు. వరద ఆగింది, పట్నం దూప తీరింది. అది మంచిపనే, కాదనం. 2008 మార్చిల సుమారు 5,500 ఎకరాలల్ల విమానాశ్రయం మొదలైంది. కొలువులొచ్చినయి, రోడ్లొచ్చినయి. అదీ కాదనం. నేనడిగేది వేరే. నీళ్ల లెక్క ఉన్నది, ఎకరాల లెక్క ఉన్నది, విమానాల లెక్క ఉన్నది. మరి మనుషుల లెక్క ఏ బుక్కుల ఉన్నది?

ఒకనాడు గోడ పక్కపొంటి మేకలు తోలుకపోతున్న ఒక పెద్దాయన కలిసిండు. తాత, ఏం జూస్తున్నవంటే, ‘‘విమానం కాదు బిడ్డా, మా జొన్నచెల్క యాడుండెనో ఆనవాలు పడ్తున్న’’ అన్నడు. కోపం లేదు, ఏడుపు లేదు. ఆ ఒక్క మాటల కథ ఉన్నది. పక్కన నర్కుడలో అమ్మపల్లి రామాలయం దగ్గర ఎన్ని సినిమాల షూటింగులైనయో మీకెరుకే. కెమెరాకు గుడి కనబడ్డది, కోనేరు కనబడ్డది. ఈ తాత కనబడలే.

మనకు దారి చూపినోళ్లు లేక కాదు. పీవీ నరసింహారావు 1949ల ‘విజయ’ అనే మారుపేరుతో ‘గొల్ల రామవ్వ’ కథ రాసిండు. నిజాం పోలీసుల కంట పడకుండా ఒక పిలగాన్ని కాపాడిన ముసలవ్వ కథ అది. పాలమూరు బిడ్డ యశోదారెడ్డి ‘మా ఊరి ముచ్చట్లు’ మన ఊరి నోటి మాటతోనే చెప్పింది. సినిమాలు మన యాసను రౌడీలకు, నవ్వులాటకు ఇచ్చిన రోజులవి. ఆమె ఆ యాసకే కథల పెద్దపీట వేసింది. ఆత్మగౌరవం అంటే సభల కొట్టే నినాదం ఒక్కటే కాదు, అట్లా రాసిన వాక్యం కూడా.

నేనూ ఉద్యమంల రోడ్ల మీద కూసున్నోన్నే. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. రాష్ట్రం వచ్చినంత మాత్రాన మన కథ దానంతటదే రాసుకోదు. రాసేటోళ్లు కావాలె.

విద్యార్థులకు ఒక్కటే పని చెప్తున్న. సెలవులల్ల మీ అవ్వ దగ్గర కూసోండ్రి. చెల్క పేరడుగుండ్రి, బాయి పేరడుగుండ్రి, పైసలు వచ్చినంక ఏమైనయో అడుగుండ్రి. ఉద్యోగ మిత్రులారా, మీ టేబుల్ మీదికి వచ్చే ఫైల్ల సర్వే నంబరు ఉంటది. ఆ నంబరు ఎనుక ఒక ఇల్లు ఉంటది. ఆ ఇంటి కథ రాయుండ్రి. ఆమె తెలివిని, తప్పును రెండూ రాయుండ్రి. జాలి పడకుండ్రి, దేవతను చేయకుండ్రి.

ఆ తాత ఇంకా ఆనవాలు పడుతనే ఉన్నడు. ఆయన కండ్లు మూయకముందే మనం కలం తెరువాలె.

జై తెలంగాణ!