ఇంటి మాట, ఊరి చరిత్ర



ఒక ఊరి చరిత్ర శాసనాలలోను, ప్రభుత్వ దస్తావేజులలోను మాత్రమే ఉండదు. పొలంలో పాడిన పాటలో, వంటింట వాడిన మాటలో, తరతరాలుగా వస్తున్న ఇంటిపేరులో కూడా ఉంటుంది. ఆ భాగాన్ని కాపాడినవారు చాలావరకు జీతం ఆశించని మనుషులే. ఒకనాడు తూత్తుకుడి రేవుకు పత్తి పంపిన ఈ నల్లరేగడి సీమయే అందుకు సాక్ష్యం.

పాళయంకోట్టైలో ట్యుటోరియల్ కళాశాల నడిపిన నా. వానమామలై 1967లో తిరునెల్వేలి ప్రాంతీయులతో ఒక పరిశోధన బృందాన్ని నెలకొల్పారు. కోవిల్‌పట్టి అప్పుడు తిరునెల్వేలి జిల్లాలోనిదే. అంతకు ముందే ఎస్.ఎస్. పోత్తయ్య వంటి సేకర్తలు పల్లె పాటలను వ్రాసుకొని ఆయనకు అందించారు. 1799లో కయత్తారులో ఉరికంబమెక్కిన వీరపాండ్య కట్టబొమ్మని జానపద గాథ కూడా ఆయన సంపాదకత్వంలో అచ్చయింది. ఆ పాలెగాని వంశీకుల ఇంటి భాష తెలుగు.

కోవిల్‌పట్టికి చేరువనున్న ఇడైసెవల్ గ్రామంలో 1923లో జన్మించిన కి. రాజనారాయణన్ మాతృభాష కూడా తెలుగే. బడి చదువు స్వల్పం, వృత్తి సేద్యం. అయినను ఈ సీమ పలుకుబడులకు ఆయన కూర్చిన తమిళ నిఘంటువు 1982లో వెలువడింది. ఉత్తరం నుంచి వలస వచ్చి, అడవి నరికి ఊరు కట్టుకున్న తెలుగు కుటుంబాల కథను ‘గోపల్ల గ్రామం’ నవలగా వ్రాశారు. దాని కొనసాగింపైన ‘గోపల్లపురత్తు మక్కళ్’ నవలకు 1991లో సాహిత్య అకాడమి పురస్కారం లభించింది. 2021లో ఆయన కన్నుమూసిన పిమ్మట ప్రభుత్వం కోవిల్‌పట్టిలో స్మారక మందిరం నిర్మించింది.

తమిళం ఈ చరిత్రకు చేసిన మేలు గొప్పది. అయితే అదే ఇళ్లలో వినిపించే తెలుగు చాలావరకు వ్రాతకెక్కలేదు. ఇక్కడ తరాలుగా స్థిరపడిన కుటుంబాలలో మాట ఉన్నది, లిపి లేదు. ఉద్యోగ వ్యాపారాల నిమిత్తం ఇటీవల వచ్చినవారికి లిపి ఉన్నది, ఆ పాత మాట లేదు. ఈ ఇరువురు ఒకచోట కూర్చుంటే తప్ప పని జరగదు. ఒక అవ్వ కన్నుమూస్తే ఆమెతో పోయే మాటను ఏ గ్రంథాలయమూ తిరిగి ఇవ్వలేదు.

వ్రాసేవారు ఒక నియమం పాటించాలి. ఇక్కడి తెలుగును తప్పు తెలుగని దిద్దరాదు. పలికినది పలికినట్లే వ్రాయాలి. పులికాట్ సరస్సు తీరంలోని లంకల జీవితాన్ని స.వెం. రమేశ్ అక్కడి నుడికారంలోనే ‘ప్రళయకావేరి కథలు’గా వ్రాశారు. ఆ నుడికారమే ఆ కథలకు ప్రాణం.

పని కష్టమైనది కాదు. పెద్దల అనుమతి తీసుకొని వారి మాటను సెల్‌ఫోనులో నమోదు చేయండి. చెప్పినవారి పేరు, ఊరు, తేదీ వ్రాయండి. మాటను తెలుగు లిపిలోను, అర్థాన్ని తమిళంలోను ఉంచండి. అప్పుడు ఇంటి పిల్లలు కూడా చదువుకోగలరు. పాత ఉత్తరాలను, భూమి పత్రాలను, పెళ్లి పత్రికలను ఫొటో తీసి, అసలు ప్రతులను ఇంటివారికే అప్పగించండి. నకలును రెండు చోట్ల భద్రపరచండి.

విరుదునగరంలో ఒక వీధి, కోవిల్‌పట్టిలో ఒక వీధి మొదలుపెడితే చాలు. ఈ వారమే పొరుగింటి పెద్దలను పలకరించండి.