గర్భస్రావం హత్యా? మన మాటల్ని మనమే సరిచూసుకుందాం

(మహిళా కార్యకర్తల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



గర్భస్రావం హత్య అవునా కాదా అనే విషయం మీద నన్ను మాట్లాడమన్నారు. చట్టం గురించి చెబుతాను, ధర్మం గురించి కూడా చెబుతాను. కానీ ముందు మా సంఘం చేసిన ఒక పొరపాటు చెప్పుకోవాలి.

చాలా ఏళ్ళ కిందట మేము పనిచేసే ఒక ఊళ్ళో గోడ మీద ఎర్రరంగుతో "భ్రూణహత్య మహాపాపం" అని రాయించాం. స్కానింగు చేయించి, ఆడపిల్లయితే కడుపు తీయించేస్తున్నారు, దాన్ని ఆపాలి అన్నది మా ఉద్దేశం. కొన్నాళ్ళకి అదే వీధిలో ఒకావిడకి నాలుగోసారి నెల తప్పింది. ముగ్గురు పిల్లలు, కూలిపని. ఆవిడ స్కానింగు గదిలో అడుగు కూడా పెట్టలేదు. కడుపులో ఉన్నది ఆడా మగా అన్న ఆలోచనే లేదు. ఇంకొకర్ని సాకే శక్తి లేదు, అంతే. ఆసుపత్రికి వెళితే మొగుడి సంతకం తెమ్మన్నారు. "చంపడానికొచ్చావా?" అని కూడా అన్నారు. ఆవిడ మా దగ్గరికి రాలేదు. నాటువైద్యం చేయించుకుంది. లోపల చీము పట్టి, చావు దాకా వెళ్ళి బయటపడింది. "మా దగ్గరికి ఎందుకు రాలేదమ్మా?" అని అడిగితే, "పాపమని గోడ మీద రాయించింది మీరే కదా" అంది.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఈ ప్రసంగం ఆ జవాబు వెతుక్కునే ప్రయత్నమే అనుకోండి.

ముందు చట్టం సంగతి చూద్దాం. గర్భస్రావం హత్య అని మన దేశంలో ఏ చట్టమూ, ఏనాడూ అనలేదు. 1860లో బ్రిటిష్ వాళ్ళు తెచ్చిన శిక్షాస్మృతి స్త్రీల మీద జాలితో రాసింది కాదు. అందులో కూడా, తల్లి గర్భంలో ఉన్న శిశువు మరణానికి కారణం కావడం నరహత్య కాదని 299వ సెక్షన్‌కి ఇచ్చిన మూడో వివరణ స్పష్టంగా చెప్పింది. కాన్పులో శిశువు శరీరంలో ఏ కొంత భాగమైనా బయటికి వచ్చాక చంపితేనే ఆ మాట వర్తించవచ్చు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయసంహితలో, 100వ సెక్షన్ కింద, ఈ వివరణ అలాగే ఉంది.

అయితే గర్భస్రావం నేరం కాకుండా పోలేదు. పాత 312వ సెక్షన్, ఇప్పటి 88వ సెక్షన్ దాన్ని వేరే నేరంగా చూస్తాయి. తల్లి ప్రాణం కాపాడటానికి తప్ప గర్భస్రావం చేస్తే మూడేళ్ళ దాకా, బిడ్డ కదలిక తెలిసిన తర్వాతైతే ఏడేళ్ళ దాకా శిక్ష వేయవచ్చు. తనంతట తాను చేసుకున్న స్త్రీ కూడా శిక్షార్హురాలే. ఇది మనం వ్యతిరేకించవలసిన విషయం. కానీ స్త్రీ అంగీకారం లేకుండా గర్భస్రావం చేసినవాడికి అదే చట్టం యావజ్జీవ శిక్ష దాకా చెప్పింది. అంటే ఆ పాత చట్టం కూడా స్త్రీ అంగీకారం ఉండటానికీ లేకపోవడానికీ మధ్య ఎంత తేడా ఉందో గుర్తించింది.

ఈ నిషేధం వల్ల గర్భస్రావాలు ఆగలేదు. దొంగచాటుగా చేయించుకుని ఆడవాళ్ళు చనిపోతుంటే, 1964లో ప్రభుత్వం శాంతిలాల్ షా కమిటీని వేసింది. ఆ కమిటీ 1966లో నివేదిక ఇచ్చింది. 1971లో వైద్యపరమైన గర్భస్రావ చట్టం వచ్చింది. 1972 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. అయితే ఆ చట్టం స్త్రీకి హక్కు ఇవ్వలేదు, డాక్టరుకి రక్షణ ఇచ్చింది. ఫలానా కారణాలు ఉన్నాయని డాక్టరు నమ్మితే చేయవచ్చు, ఆయన మీద కేసు ఉండదు. "నాకు వద్దు" అనే స్త్రీ మాట ఒక్కటే చాలదు. ఆ లోటు ఇప్పటికీ ఉంది.

2021 సవరణతో కొంత మెరుగైంది. 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. అత్యాచారానికి గురైనవారు, మైనర్లు, గర్భంతో ఉండగా భర్త చనిపోయినవారు లేదా విడాకులైనవారు, ఇలా కొన్ని వర్గాల స్త్రీలకి ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో 24 వారాల దాకా అవకాశం ఉంది. పిండానికి తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు నిర్ధారిస్తే గడువు లేదు. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు పెళ్ళికాని స్త్రీకీ పెళ్ళైన స్త్రీకీ ఈ విషయంలో తేడా చూపకూడదని చెప్పింది. ఈ చట్టం వరకు, భర్త చేసిన బలాత్కారాన్ని కూడా అత్యాచారంగానే చూడాలంది. కానీ ఏడాది తర్వాత, 2023 అక్టోబరు 16న, ఇద్దరు పిల్లల తల్లి, ప్రసవానంతర మానసిక వ్యాధితో బాధపడుతున్న స్త్రీ, 26 వారాల గర్భం తీయించుకోవడానికి అడిగిన అనుమతిని అదే కోర్టు నిరాకరించింది. తలుపు కొంత తెరుచుకుంది గాని, తాళంచెవి ఇంకా స్త్రీ చేతికి రాలేదు.

ఇక ధర్మం సంగతి. "చట్టం హత్య అనకపోతే మాత్రం, ప్రాణం కాదా?" అని ఊళ్ళల్లో మనల్ని అడుగుతారు. ఆ ప్రశ్నని కొట్టిపారేయొద్దు. పిండంలో ప్రాణం లేదని నేను అనను. కానీ ప్రాణం ఉండటం వేరు, ఒక మనిషిగా మన మధ్య ఉండటం వేరు. ఈ తేడా మన ఆడవాళ్ళకి పుస్తకాలు చదవకుండానే తెలుసు. నెల తప్పిందంటాం, కడుపుతో ఉందంటాం, కదలిక తెలిసిందంటాం, తర్వాత బిడ్డ పుట్టిందంటాం. రెండో నెలలో కడుపు పోతే ఏడుస్తాం, కానీ మనిషి పోయినట్టు దినకర్మలు చెయ్యం. నెలలు నిండేకొద్దీ ఆ ప్రాణం విలువ మన మనసులో పెరుగుతూ వస్తుంది. అందుకే ఏడో నెల గర్భం గురించి రెండో నెల గర్భం గురించి మాట్లాడినంత సులువుగా ఎవరూ మాట్లాడలేరు. అది సహజం.

ఇంకో విషయం ఆలోచించండి. కన్నబిడ్డకి కిడ్నీ పాడైంది, తండ్రిది సరిపోతుంది. ఆయన ఇవ్వనన్నాడు. ఆయన్ని కఠినాత్ముడని తిడతామేమో. హంతకుడని జైల్లో పెట్టం. బలవంతంగా బల్లమీద పడుకోబెట్టి కిడ్నీ తీయం. ఒక మనిషి శరీరాన్ని ఇంకొకరి ప్రాణం కోసమైనా బలవంతంగా వాడుకోకూడదని అందరం ఒప్పుకుంటాం. మరి స్త్రీ దగ్గరికి వచ్చేసరికి, తొమ్మిది నెలలు ఆమె రక్తం, ఎముక, ఆరోగ్యం, ఒక్కోసారి ప్రాణం కూడా పణంగా పెట్టమని ఎలా శాసిస్తాం? బిడ్డని కనడం గొప్ప దానం. దానాన్ని బలవంతంగా గుంజుకుంటే అది దానం కాదు.

హత్య అనే మాటని నిజంగా చట్టంలోకి తెస్తే ఏమవుతుందో కూడా చూద్దాం. మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్‌లో 1998 నుంచి గర్భస్రావం పూర్తిగా నిషిద్ధం. కడుపు దానంతటదే పోయి, నెత్తురోడుతూ ఆసుపత్రికి వచ్చిన స్త్రీల మీద కూడా అక్కడ హత్యకేసులు పెట్టారు. మాన్యుయెలా అనే పేరుతో ప్రపంచానికి తెలిసిన ఒక పేద తల్లికి అలాగే 30 ఏళ్ళ శిక్ష వేశారు. 2010లో ఆమె క్యాన్సర్‌తో ఖైదీగానే చనిపోయింది. 2021లో అమెరికా ఖండాల మానవహక్కుల న్యాయస్థానం ఆ ప్రభుత్వాన్ని తప్పుపట్టింది. ఐర్లండ్‌లో 1983 నుంచి రాజ్యాంగమే పిండానికి తల్లితో సమానమైన జీవించే హక్కు ఇచ్చింది. 2012లో మన కర్ణాటక అమ్మాయి, దంతవైద్యురాలు సవితా హలప్పనవర్‌కి 17 వారాల గర్భం నిలవదని తెలిసి కూడా, పిండం గుండె కొట్టుకుంటోందని డాక్టర్లు గర్భస్రావం చెయ్యలేదు. ఒంట్లోకి విషం పాకి ఆమె చనిపోయింది. 2018లో అక్కడి ప్రజలు ఓటు వేసి ఆ నిబంధనని తొలగించారు.

మరి ఆడపిల్లని వద్దనుకుని చేయించే గర్భస్రావాల మాటేమిటి? అది తప్పే. అయితే తప్పు ఎక్కడుంది? పరీక్షలో ఉంది, ఆడపిల్ల భారమనే ఆలోచనలో ఉంది, ఆ ఆలోచనని అమ్ముకునే వ్యాపారంలో ఉంది. మహిళాసంఘాల పోరాటం వల్ల 1988లో మహారాష్ట్రలో, 1994లో దేశమంతటికీ వచ్చిన చట్టాలు శిక్షించేది లింగనిర్ధారణని. 1994 చట్టం 24వ సెక్షన్ ప్రకారం, పరీక్ష చేయించుకున్న స్త్రీని భర్తో బంధువులో బలవంతపెట్టారనే కోర్టు భావించాలి, కాదని రుజువైతే తప్ప. ఆరేళ్ళలోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకి ఆడపిల్లలు దేశంలో 1991లో 945, 2001లో 927, 2011లో 919. ఈ లెక్క చూసి కోపం రావాలి. కానీ ఆ కోపాన్ని "భ్రూణహత్య" అనే మాటలో పెట్టామంటే, పిండాన్ని మనిషని మనమే ఒప్పుకున్నట్టు. అప్పుడు ఆడపిండమైనా మగపిండమైనా తీయించుకోవడం హత్యే అవుతుంది. స్కానింగు వ్యాపారి తప్పించుకుంటాడు, ముగ్గురు పిల్లల కూలితల్లి దోషి అవుతుంది. మా గోడ చేసింది ఆ పనే.

అందుచేత నా విన్నపాలు నాలుగు. "భ్రూణహత్య" మాట మానేసి "లింగ ఎంపిక" అందాం. పద్దెనిమిదేళ్ళు నిండిన స్త్రీకి గర్భస్రావానికి ఆమె అంగీకారం ఒక్కటే చాలు, భర్త సంతకం అక్కర్లేదని ప్రతి సమావేశంలో చెబుదాం. ఆమె పేరు బయటపెట్టిన డాక్టరుకి ఏడాది దాకా జైలుశిక్ష పడవచ్చని గుర్తుచేద్దాం. తొమ్మిది వారాల లోపైతే మాత్రలతో కూడా, డాక్టరు పర్యవేక్షణలో, సురక్షితంగా చేయించుకోవచ్చని చెప్పి, ఆమెతోపాటు ఆసుపత్రి దాకా వెళదాం.

మా గోడకి తర్వాత సున్నం వేయించాం. "ఆడా మగా అని పరీక్షించడం నేరం. గర్భస్రావానికి చట్టం అనుమతి ఉంది" అని రాయించాం. ఆ రెండో వాక్యం వద్దని ఊళ్ళో పెద్దమనుషులు గొడవ చేశారు. మా సంఘంలోనూ ఒకరిద్దరికి నచ్చలేదు. ఇక్కడ కూడా నచ్చనివాళ్ళు ఉంటారు. మొహమాటపడకుండా అడగండి, చర్చిద్దాం. సమస్యతో మన గుమ్మం దాకా వచ్చిన స్త్రీ మనకి భయపడి వెనక్కి తిరిగి పోకూడదు. నేను కోరేది అదొక్కటే.