యంత్రంతో మన మాట



లినక్స్ అభ్యసించబూనిన విద్యార్థిని మొదట వెనుదీయించేది టెర్మినల్ అనే నల్లని తెర. అందులో బొమ్మలుండవు. ఇంగ్లీషు బాగా రానివారికి ఇది తమ విద్య కాదేమోనన్న సంకోచం కలుగుతుంది. ఆ సంకోచానికి ఆధారం లేదు.

1991లో ఫిన్లండ్ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్, 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రణాళికలోని పరికరాలతో కలిసి, ఎవరైనా పరిశీలించి మార్చుకొనగల వ్యవస్థగా రూపొందినది. మన దేశంలో సీడాక్ సంస్థ రూపొందించిన 'బాస్' దీనిపై ఆధారపడినదే.

కొత్త ఊరు చేరిన బాటసారి తానెక్కడ ఉన్నదీ తెలిసికొంటాడు. చుట్టూ ఏమున్నదో చూస్తాడు. ఆపై నడక సాగిస్తాడు. 'పీడబ్ల్యూడీ', 'ఎల్ఎస్', 'సీడీ' అనే ఆదేశాలు వరుసగా ఈ మూడు పనులే చేస్తాయి. నకలు తీయడానికి 'సీపీ', చోటు గాని పేరు గాని మార్చడానికి 'ఎంవీ'. సందేహం కలిగితే 'మ్యాన్' అని, పక్కన ఆ ఆదేశం పేరు టైపు చేసినచో వివరణ తెరపైకి వస్తుంది. ఇవన్నీ రెండు మూడు అక్షరాల గుర్తులు. వీటికి పాండిత్యం అక్కరలేదు. పెద్ద అక్షరం, చిన్న అక్షరం వేరన్న సంగతి మాత్రం మరువరాదు.

'ఆర్ఎం' విషయంలో జాగ్రత్త అవసరం. దానితో తొలగించిన ఫైలు చెత్తబుట్టలోకి పోదు. ఏళ్ల తరబడి వ్రాసికొన్న లెక్కలు క్షణంలో పోవచ్చును. పక్కన హైఫన్, 'ఐ' చేర్చితే అది ముందుగా మన అనుమతి అడుగుతుంది.

ఇక తెర అమరిక. అక్షరాలు పెద్దవి చేసికొనడం, రాత్రివేళ తెర రంగు కంటికి ఇంపుగా మార్చుకొనడం సెట్టింగులలో సులభమే. అన్నిటికంటె విలువైన మార్పు కీబోర్డుకు తెలుగు చేర్చుకొనడం. గ్నోమ్ తెరపై సూపర్, స్పేస్ మీటలు కలిపి నొక్కితే భాష మారుతుంది. ఫైలు పేరు సైతం తెలుగులో పెట్టుకొనవచ్చును.

1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ప్రమాణంలో చేరిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో, ఇంగ్లీషు 'కె' ఉన్న మీటపై తెలుగు 'క' ఉంటుంది. హిందీ, బెంగాలీ, కన్నడం, తమిళంలోనూ ఆ మీటపై ఉన్నది 'క'కారమే. ఒక భాషలో వేళ్లకు అలవడిన విద్య మరొక భాషలోనూ అక్కరకు వస్తుంది. లిపులు వేరైనా వర్ణమాల మూలం ఒక్కటేనన్న సత్యం ఇక్కడ చేతివేళ్లకే బోధపడుతుంది.

కనుక రోజుకొక ఆదేశం చొప్పున, ప్రత్యేకంగా ఏర్పరచుకొన్న ఖాళీ డైరెక్టరీలో సాధన చేయండి. నేర్చినదానిని పక్కవారికి వారి భాషలో చెప్పండి. యంత్రం మనకు పనిముట్టు కావలెనే గాని, మనలను వేరుచేసే గోడ కారాదు.